సాహిత్య సంస్థ సైటుకూ, రైతు సంస్థ పోర్టల్‌కూ ఏ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకోవాలి?

వేమగిరి_వెబ్ రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. రాజమహేంద్రవరం దగ్గర ఉంటూ చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా వృత్తి. తోడుగా ఒక కుర్రవాడు పనిచేస్తున్నాడు. ఇప్పుడు ఒకేసారి రెండు పనులు ఒప్పుకున్నాను. రెండింటి స్వభావమూ వేరు కావడంతో వాటిని ఏ ఫ్రేమ్‌వర్క్ (సైటుకు పునాదిగా వాడే సిద్ధ కోడ్) మీద కట్టాలో తేల్చుకోలేకపోతున్నాను.

మొదటిది ఒక సాహిత్య సంస్థ వెబ్‌సైటు. సంస్థ పరిచయం, సభల వివరాలు, వారి పత్రిక పాత సంచికల్లోని కథలు, వ్యాసాలు అందులో ఉండాలి. రెండవది ఒక రైతు ఉత్పత్తిదారుల సంస్థ పోర్టల్. సభ్యుల నమోదు, కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం తూకం చీటీలు, చెల్లింపులు, ఎరువులు విత్తనాల అమ్మకం ఖాతా, ఏడాది చివర ఆడిటరుకు ఇచ్చే నివేదికలు, ఇవన్నీ అందులో రావాలి.

నాకు వర్డ్‌ప్రెస్ బాగా వచ్చు, పీహెచ్‌పీ, పైథాన్ కొంతవరకు వచ్చు. ఒకే ఫ్రేమ్‌వర్క్ గట్టిగా నేర్చుకుని రెండింటికీ వాడితే శ్రమ కలిసివస్తుందని ఒకసారి అనిపిస్తోంది, చిన్నదానికి చిన్నది, పెద్దదానికి పెద్దది వాడడమే పద్ధతి అని మరోసారి అనిపిస్తోంది. రెండు సంస్థలూ ప్రతి రూపాయీ చూసుకుని ఖర్చుపెట్టేవే. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

ఫ్రంటెండ్_పిచ్చుక రాశారు:

వేమగిరి గారూ, రెండింటికీ నెక్స్ట్ జెఎస్ (రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ మీద కట్టిన ఫ్రేమ్‌వర్క్) సరిపోతుందని నా అభిప్రాయం. మారని పేజీలను ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు, మారేవాటిని అడిగినప్పుడు సర్వర్‌లో తయారుచేయవచ్చు కాబట్టి సాహిత్యానికీ ధాన్యానికీ ఒకే పద్ధతి నడుస్తుంది. ముందు తెరకూ వెనుక సర్వర్‌కూ ఒకే భాష చాలు. 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్‌ను అందరికీ విడుదల చేసిన నాటి నుంచి దాని చుట్టూ పోగైన సరంజామా చాలా పెద్దది. పైగా రేపు మీకు మరో మనిషి కావలసివస్తే, హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ శిక్షణ సంస్థ బోర్డు చూసినా రియాక్ట్ పేరే కనిపిస్తోంది కదా, వెతుక్కోవలసిన పని ఉండదు.

మెయింటెనెన్స్_మామయ్య రాశారు:

నెక్స్ట్ జెఎస్‌ను తప్పుపట్టను గానీ, దానికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. వేమగిరి గారి రెండు పనుల్లో పెద్దది ఏది? పేజీలు లెక్కపెడితే సాహిత్య సంస్థదే పెద్ద సైటు, ఎందుకంటే పాత సంచికలన్నీ ఎక్కిస్తే పేజీలు వేలల్లోకి పోతాయి. రైతు సంస్థ పోర్టల్‌లో తెరలు ముప్పయ్యో నలభయ్యో ఉంటాయేమో. అయినా పెద్దది రెండోదే. సైటు పరిమాణాన్ని నేను మూడు సంగతులతో కొలుస్తాను: డేటాబేస్‌లో రాసే చేతులు ఎన్ని, ఆ రాతలో తేడా వస్తే ఎవరి డబ్బు పోతుంది, రాసినదాన్ని ఎన్నేళ్లు దాచాలి. సందర్శకుల సంఖ్య వీటి తరువాతే వస్తుంది.

చదివేవాళ్లు పెరిగితే ఆ బరువును క్యాష్ (ముందే తయారుచేసి దాచిన పేజీల నిల్వ) మోస్తుంది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, ఈనాటికీ పీహెచ్‌పీలో రాసిన మీడియావికీ మీదే నడుస్తోంది. లాగిన్ కాకుండా చదివేవారికి అందే పేజీల్లో అధికభాగం పీహెచ్‌పీ దాకా పోకుండా క్యాష్ సర్వర్ల నుంచే వస్తాయి. రాసేవాళ్లు పెరిగినప్పుడు ఆ ఉపాయం పారదు. ఇద్దరు గుమస్తాలు ఒకే చీటీని ఒకే నిమిషంలో తెరిచి చెరొక మార్పూ చేస్తే ఏది నిలవాలో చెప్పగలిగిన పునాది కావాలి.

ఇక ఎన్నేళ్లు అన్న సంగతి. 2010లో వచ్చిన గూగుల్ వారి ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్ జెఎస్ మీద నేను పనిచేసిన ఒక సంస్థ తన లోపలి పోర్టల్ మొత్తాన్ని కట్టించుకుంది. 2016లో వచ్చిన కొత్త యాంగ్యులర్ పేరుకు వారసురాలే అయినా పాత కోడ్ అందులో ఉన్నదున్నట్టు నడవలేదు. 2021 చివరితో పాతదానికి గూగుల్ మద్దతు ముగిసింది. అప్పటికి మొదట కోడ్ రాసినవారు ఒక్కరూ అక్కడ లేరు. తెరలన్నీ మళ్లీ రాయించారు, ఖర్చంతా అయ్యాక వాడేవారికి కొత్తగా వచ్చిన సౌకర్యం ఒక్కటీ లేదు. నెక్స్ట్ జెఎస్ కూడా 2022లో 13వ వెర్షన్‌తో పేజీలను అమర్చే పద్ధతినే కొత్తగా తెచ్చింది. పాత పద్ధతిని తీసివేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో సగం ఒక పద్ధతిలో, సగం మరో పద్ధతిలో ఉండి, ఇద్దరే ఉన్న జట్టును అయోమయంలో పడేస్తాయి.

పాతబస్తీ_పైథాన్ రాశారు:

మామయ్య గారి కొలత ప్రకారం చూస్తే రైతు సంస్థ పోర్టల్‌కు జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ అతికినట్టు సరిపోతుంది. పుట్టుక చూసినా సరే. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే పట్టణంలోని ఒక దినపత్రిక కార్యాలయంలో 2003 ప్రాంతంలో దీన్ని రాయడం మొదలుపెట్టారు, 2005లో అందరికీ విడుదల చేశారు. గడువులోపు తెర సిద్ధం కావాలి, సమాచారం ఎక్కించేది ప్రోగ్రామర్లు కాని ఉద్యోగులు కావాలి. అక్కడి అవసరం అదే కనుక అడ్మిన్ తెరలు జాంగోతోపాటే వచ్చాయి. సభ్యుడు, కేంద్రం, తూకం చీటీ, చెల్లింపు అనే నాలుగు మోడళ్లు (డేటాబేస్ పట్టికల వర్ణనలు) రాసి అడ్మిన్‌లో నమోదు చేస్తే, వెతకడం, వడకట్టడం, ఎవరు ఏ మార్పు చేశారో చూడడం చాలావరకు సిద్ధంగా ఉంటాయి. ఆ తెరలను కార్యాలయ సిబ్బందికి మాత్రమే ఇవ్వండి. రైతులు చూసే తెరలు మాత్రం విడిగా కట్టుకోవాలి.

డబ్బు లెక్క దగ్గర ఒక ఉదాహరణ చెబుతాను. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఒక రైతు 43.65 క్వింటాళ్లు తెస్తే 1,03,406 రూపాయల 85 పైసలు రావాలి. ఈ సంఖ్యలను దశాంశ రకంలోనే దాచాలి, దశాంశాలను సుమారుగానే దాచే ఫ్లోట్ రకంలో దాచకూడదు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలన్నీ ఫ్లోట్లే, సున్నా పాయింట్ ఒకటికి సున్నా పాయింట్ రెండు కలిపితే అక్కడ 0.30000000000000004 వస్తుంది. ఒక్క చీటీలో ఇది కనబడదు, సీజన్ మొత్తం కూడినప్పుడు పుస్తకానికీ పోర్టల్‌కూ పైసల తేడా వచ్చి ఆడిటర్ ఆగిపోతారు. జాంగోలో డెసిమల్ ఫీల్డ్ ఉంది, డేటాబేస్‌లోనూ అది దశాంశంగానే కూర్చుంటుంది. చెల్లింపు చేసే కోడ్‌ను అటామిక్ బ్లాక్‌లో (జరిగితే అంతా జరగాలి, లేకుంటే ఏదీ జరగకూడదు అనే ఏర్పాటు) పెట్టి, చీటీ వరుసను సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ అనే తాళంతో పట్టి ఉంచితే, రెండో గుమస్తా మీట నొక్కినా మొదటి పని ముగిసేదాకా ఆగవలసిందే. ఆ తరువాత చీటీకి అప్పటికే చెల్లింపు జరిగినట్టు అతనికి కనబడుతుంది.

మద్దతు కాలం కూడా తెలిసినదే. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 దీర్ఘకాల వెర్షన్, దానికి 2028 ఏప్రిల్ వరకు భద్రతా సవరణలు వస్తాయి.

కృష్ణలంక_కోడ్ రాశారు:

పైథాన్ గారు చెప్పిన ప్రతి సంగతీ పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ అయిన లారవెల్‌లోనూ ఉంది. ట్రాన్సాక్షన్లు (అటామిక్ బ్లాక్ చేసే పనే) ఉన్నాయి, వరుసను పట్టి ఉంచే ఏర్పాటు ఉంది, డేటాబేస్ పట్టికల మార్పులను నమోదు చేసే మైగ్రేషన్లు ఉన్నాయి, అడ్మిన్ తెరలకు ఫిలమెంట్ అనే ప్యాకేజీ ఉంది. వేమగిరి గారికి పీహెచ్‌పీ కొంత వచ్చునన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. వచ్చిన భాషను పక్కనపెట్టి, రాని ఫ్రేమ్‌వర్క్‌ను గడువు మీద ఉన్న పనిలో నేర్చుకోవడం తెలివైన పని అనిపించుకోదు. మా విజయవాడలో గానీ మీ రాజమహేంద్రవరంలో గానీ, పీహెచ్‌పీ పోర్టల్‌ను మీ తరువాత పట్టుకోగలిగిన మనిషి జాంగో మనిషి కన్నా త్వరగా దొరుకుతాడు. ఆ మనిషిని జీతమిచ్చి పెట్టుకోవలసింది సంస్థే కాబట్టి ఇది వారి ఖర్చులో భాగమే.

లారవెల్ పెద్ద వెర్షన్లు ఏడాదికొకటి చొప్పున వస్తాయి, ఒక్కొక్కదానికి రెండేళ్లు భద్రతా సవరణలు ఉంటాయి. అంటే కనీసం రెండేళ్లకోసారి వెర్షన్ మార్చే పని పడుతుంది. నిర్వహణ ఒప్పందంలో దానికి విడిగా రుసుము రాయించుకోండి. మూడేళ్ల మద్దతు ఉన్న జాంగోకు ఇక్కడ కొంత మొగ్గు ఉందని ఒప్పుకుంటాను.

ఇంకొకటి, ఎరువుల అమ్మకానికి యూపీఐ గేట్‌వే పెడితే, ఒకే చెల్లింపుకు ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. చెల్లింపు సంఖ్య మీద యునీక్ నిబంధన (అదే సంఖ్య రెండోసారి చేరకుండా) డేటాబేస్‌లోనే పెట్టాలి, కోడ్‌లో చూసుకుంటామంటే చాలదు. ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా ఇది మీరు చేసుకోవలసిన పనే.

నిర్వాహకులు రాశారు:

ఏ భాషకు ఎక్కువ జీతం అన్న రెండు సమాధానాలను ఉద్యోగాల విభాగానికి మార్చాము. ఇక్కడ అడిగిన పనికే పరిమితం కాగలరు.

వేమగిరి_వెబ్ రాశారు:

మామయ్య గారి కొలతతో నా ఆలోచన ఒక దారిలో పడింది. అయితే సాహిత్య సంస్థ సంగతి మిగిలే ఉంది. అక్కడ రాసేది ఒకే ఒక్కరు, సంస్థ కార్యదర్శి. విశ్రాంత తెలుగు అధ్యాపకులు, అన్నీ ఫోన్‌లోనే టైపు చేస్తారు. పాత సంచికల వ్యాసాలు పేజ్‌మేకర్ (అచ్చు పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లలో ఉన్నాయి. హ్యూగో వంటి స్టాటిక్ సైటు (డేటాబేస్ లేకుండా ముందే తయారుచేసిన పేజీల సైటు) తయారుచేసే సాధనం వాడితే హోస్టింగ్ ఖర్చు దాదాపు ఉండదంటున్నారు. వర్డ్‌ప్రెస్‌ను వదిలి అటు వెళ్లడం మంచిదేనా?

అక్షర_యంత్రం రాశారు:

చాలా కాలంగా తెలుగు పత్రికల పాత సంచికలను వెబ్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నాను కనుక ఈ ఒక్క భాగానికి వివరంగా జవాబిస్తాను.

పేజ్‌మేకర్ ఫైళ్లు అన్నారు కాబట్టి అవి దాదాపు ఖాయంగా అను ఫాంట్లలో ఉంటాయి. వాటిలో దాగి ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ముక్కలు. కాపీ చేసి ఎక్కడ అతికించినా అర్థంలేని గుర్తులే వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, అను వెర్షన్‌ను బట్టి అమరిక మారుతుంది, వత్తుల దగ్గరా విరామ చిహ్నాల దగ్గరా తప్పులు మిగులుతాయి. ప్రతి వ్యాసాన్నీ అచ్చు ప్రతితో సరిచూడవలసిందే. మీ మొదటి పనిలో సమయం తినేది ఇదే. ఫ్రేమ్‌వర్క్ ఏదైనా ఈ శ్రమ ఒక్క గంట కూడా తగ్గదు, కాబట్టి ధర చెప్పేటప్పుడు దీన్ని విడిగా లెక్కకట్టండి.

రెండవది పేజీ చిరునామాలు. శీర్షిక నుంచి చిరునామాను దానంతట అదే తయారుచేసే సౌకర్యాన్ని తెలుగులో నమ్మవద్దు. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను శాతం గుర్తులతో కూడిన రూపంలోకి మార్చి దాస్తుంది. తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు, ఆ రూపంలో తొమ్మిది గుర్తులు. చిరునామాకు ఉన్న హద్దు 200. అంటే ఇరవై రెండు యూనికోడ్ గుర్తుల దగ్గర శీర్షిక తెగిపోతుంది. గుణింతపు గుర్తూ, పొల్లూ కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు పోతాయి. ‘స్త్రీ’తో మొదలయ్యే వ్యాసాలు నాలుగు ఉంటే ఇక చూసుకోండి.

జాంగో సంగతి ఇంకా విచిత్రం. శీర్షిక నుంచి చిరునామా తయారుచేసే దాని స్లగిఫై మామూలుగా తెలుగును మొత్తంగా తుడిచేస్తుంది. యూనికోడ్‌ను అనుమతించమని చెప్పినా, అక్షరాల వరుసలను పోల్చి చూసే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ గుణింతపు గుర్తులను అక్షరాలుగా గుర్తించదు కనుక వాటిని తీసిపారేస్తుంది. ‘తెలుగు’ అని ఇస్తే ‘తలగ’ అని వస్తుంది. పైథాన్ గారు కోప్పడకపోతే, పరీక్షించి చూడవచ్చు. దీనికి విరుగుడుగా నేను చేసేది చాలా సాదా పని: సంవత్సరం, సంచిక నెల, వ్యాసం వరుస సంఖ్య కలిపి చిరునామా పెడతాను. అది ఫోన్‌లో పంపినా చెడదు, రేపు వర్డ్‌ప్రెస్ నుంచి మరోదానికి మారినా పాత లింకులు బతుకుతాయి.

మూడవది వెతుకులాట. ‘రాజ్‌కుమార్’ అని రాసేటప్పుడు కొందరు పొల్లు తరువాత కనబడని విభజన గుర్తును వేస్తారు, కొందరు వేయరు. కంప్యూటరుకు అవి రెండు వేరు మాటలు. దాచేటప్పుడు ఉన్న రూపాన్ని అలాగే ఉంచి, వెతకడానికి మరో వరుసలో ఆ గుర్తు తీసేసిన రూపాన్ని పెట్టుకోండి. ఇది మీ రైతు సంస్థ పోర్టల్‌కు ఇంకా ముఖ్యం, ఎందుకంటే పేరు దొరకలేదని గుమస్తా అదే రైతును రెండోసారి నమోదు చేస్తాడు.

ఇక హ్యూగోనా, వర్డ్‌ప్రెసా? హ్యూగో నాకు ఇష్టమైన సాధనం. వేల పేజీలను క్షణాల్లో తయారుచేస్తుంది, డేటాబేస్ లేదు కనుక చొరబడడానికి సందు తక్కువ. అయినా ఫోన్‌లో టైపు చేసే కార్యదర్శి గారికి గిట్ (ఫైళ్ల మార్పులను నమోదుచేసే సాధనం) నేర్పి, మార్క్‌డౌన్ (గుర్తులతో పాఠ్యాన్ని అమర్చే పద్ధతి) నేర్పి, సభ ఫొటో ఎక్కించడానికి మీకు ఫోన్ చేయించడం న్యాయం కాదు. వర్డ్‌ప్రెస్‌లోనే ఉండండి. ప్లగిన్లు నాలుగైదు దాటనివ్వకండి, ఆ సైట్లలో బయటపడే లోపాల్లో అత్యధికం ప్లగిన్లవే. పేజీ క్యాష్ పెట్టండి. డేటాబేస్ పట్టికలు అన్ని యూనికోడ్ గుర్తులనూ దాచగల యూటీఎఫ్8ఎంబీ4లో ఉన్నాయో లేదో చూసుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 తెలుగును భరిస్తుంది గానీ ఎమోజీ వస్తే మొరాయిస్తుంది, వ్యాఖ్యల్లో దండం పెట్టే బొమ్మ లేని పాఠకుడు ఈ రోజుల్లో ఎవరు?

పాతబస్తీ_పైథాన్ రాశారు:

కోపం ఎందుకండీ, ‘తలగ’ నిజమే. పేజీ చిరునామాకు స్లగ్ ఫీల్డ్ వాడకుండా సంఖ్య వాడడమే మంచిదని నేనూ అంటాను. రైతు సంస్థ పోర్టల్‌లో పేర్లతో చిరునామాలు ఎలాగూ ఉండకూడదు.

ఫ్రంటెండ్_పిచ్చుక రాశారు:

సాహిత్య సంస్థ విషయంలో అక్షర_యంత్రం గారితో ఏకీభవిస్తాను. పోర్టల్‌లో మాత్రం ఒక తెరకు నా పక్షం వదలను. కొనుగోలు కేంద్రం ఊరి చివర కల్లం పక్కన ఉంటుంది. అక్కడ సిగ్నల్ పోయినప్పుడు సర్వర్ నుంచి పేజీ రావాలంటే తూకం ఆగిపోతుంది, వెనుక ట్రాక్టర్లు నిలబడిపోతాయి. ఆ తెరను ఫోన్‌లోనే పనిచేసే చిన్న అప్లికేషన్‌గా కట్టాలి. బస్తాలు, తేమ శాతం, బరువు నమోదు చేయగానే బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్ డీబీ అనే నిల్వలో దాచి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు పంపాలి. చీటీకి గుర్తింపు సంఖ్య ఫోన్‌లోనే యూయూఐడీగా (మరెక్కడా రాని పొడవాటి సంఖ్య) పుట్టాలి. అప్పుడు అదే చీటీ రెండుసార్లు చేరినా సర్వర్ రెండోదాన్ని గుర్తుపట్టి వదిలేస్తుంది. తేమ 17 శాతం దాటితే అక్కడికక్కడే హెచ్చరిక కూడా చూపవచ్చు. బరువును గ్రాముల్లో పూర్ణాంకంగా పంపితే పైథాన్ గారు చెప్పిన దశాంశాల బెడద తెర దగ్గరే తీరిపోతుంది. ఇది రియాక్ట్‌లో గానీ వ్యూలో గానీ స్వెల్ట్‌లో గానీ రాసుకోవచ్చు. మిగిలిన తెరలు జాంగో, లారవెల్‌లలో మామూలు పేజీలుగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

మెయింటెనెన్స్_మామయ్య రాశారు:

పిచ్చుక గారి మాట అక్షరాలా సరైనది. అవసరం ఉన్న తెరకే ఆ బరువు పెట్టడం మంచి నిర్ణయం. ముప్పై తెరల్లో ఒక్కటి సిగ్నల్ లేకుండా పనిచేయాలని మొత్తం పోర్టల్‌ను ఆ పద్ధతిలో కట్టడం మాత్రం అనవసరం.

రేపు సభ్యులు పెరిగితే తట్టుకుంటుందా అని సంస్థ పాలకవర్గంలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. 2012లో ఫేస్‌బుక్ కొనుక్కునేనాటికి ఇన్‌స్టాగ్రామ్ జాంగో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదే నడుస్తోంది, సిబ్బంది పదమూడు మంది. గిట్‌హబ్, షాపిఫై ఈనాటికీ రూబీ భాషలోని రైల్స్ ఫ్రేమ్‌వర్క్ వాడుతున్నాయి. రైల్స్‌తో మొదలైన ట్విట్టర్ బరువు పెరిగాక ముఖ్యమైన భాగాలను జావా, స్కాలాల్లోకి మార్చుకుంది, ఆ స్థాయి అవసరం వచ్చేనాటికి వారి దగ్గర దానికి తగిన మనుషులూ డబ్బూ ఉన్నాయి. కొన్ని వేలమంది సభ్యుల రైతు సంస్థకు ఒక మంచి సర్వర్, ఒక డేటాబేస్, వేరే చోట భద్రపరిచే రోజువారీ బ్యాకప్ చాలు. మైక్రోసర్వీసుల (ఒక సైటును విడివిడి చిన్న సర్వీసులుగా కట్టే పద్ధతి) ఊసు ఎవరైనా ఎత్తితే వినయంగా కాఫీ ఇచ్చి పంపండి.

ఇంకా ముఖ్యమైనది, సభ్యుల బ్యాంకు ఖాతాలు, ఆధార్ వివరాలు మీ చేతిలో ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఇలాంటి సంస్థ మీద బాధ్యత పెడుతుంది. ఆధార్ పూర్తి సంఖ్యను దాచకుండా చివరి నాలుగు అంకెలతో పని జరిగేలా చూడండి. ఖాతా సంఖ్యలను ఏ హోదావారు చూడవచ్చో మొదటి రోజే రాసుకోండి. అందుకే ఫ్లాస్క్ అనే చిన్న పైథాన్ ఫ్రేమ్‌వర్క్ తీసుకుని లాగిన్, హోదాలు, ఫారాల రక్షణ అన్నీ ముక్కలుగా అతికించుకోవడం కన్నా, అవన్నీ కలిసివచ్చే జాంగోనో లారవెల్‌నో ఎంచుకోమంటాను. ఫ్లాస్క్ మంచిదే, కానీ దాన్ని మంచిగా ఉంచే భారం మీదవుతుంది.

వేమగిరి_వెబ్ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. సాహిత్య సంస్థకు వర్డ్‌ప్రెస్సే ఉంచుతాను, చిరునామాలు సంఖ్యలతో పెడతాను, అను నుంచి మార్చే పనికి విడిగా ధర చెబుతాను. పోర్టల్‌లో తూకం తెర ఒక్కటి విడి అప్లికేషన్‌గా ఉంటుంది. జాంగోనా, లారవెలా అన్నది తేలాలంటే, నేనూ కుర్రవాడూ ఒకే తెరను చెరొకదానిలో కట్టి చూద్దామనుకుంటున్నాము. ఏ తెర ఎంచుకుంటే తేడా బాగా బయటపడుతుంది?

కృష్ణలంక_కోడ్ రాశారు:

నమోదు తెర వద్దు, అది రెండింటిలోనూ చిటికెలో అయిపోతుంది. చీటీ సవరణ తెర కట్టండి. చెల్లింపు అయిపోయిన చీటీలో బరువు తప్పు పడిందని తేలింది అనుకోండి. పాత చీటీని చెరపకుండా రద్దు గుర్తు వేయాలి, కొత్త చీటీ పుట్టాలి, తేడా సొమ్ము రైతు ఖాతాలో బాకీగానో జమగానో చేరాలి, మేనేజరు ఆమోదించేదాకా ఏదీ అమలు కాకూడదు, ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో మిగలాలి.

పాతబస్తీ_పైథాన్ రాశారు:

మంచి ఎంపిక. దానికి పరీక్షలు కూడా రాసి చూడండి, ముఖ్యంగా ఇద్దరు మేనేజర్లు ఒకేసారి ఆమోదించే సందర్భానికి. ఆ పరీక్షను పోస్ట్‌గ్రెస్ మీదే నడపండి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ పనిచేయదు, జాంగో దాన్ని అక్కడ మౌనంగా వదిలేస్తుంది కనుక వరుసను పట్టి ఉంచినట్టు మీరు అనుకుంటారు గానీ అక్కడ ఏ తాళమూ పడి ఉండదు.